పదహారు, యాభై ఎనిమిది, ఒక నీళ్ల ట్యాంకర్

రిటైరయ్యాక నాకు అబ్బిన ఒకే ఒక్క విద్య మధ్యాహ్నం నిద్ర. సర్వీసంతా మైక్రోస్కోపు మీద వంగిన మెడ ఇది. ఇప్పుడు దిండు తగిలితే చాలు, ఊళ్లో ఏం జరుగుతోందో నాకు పట్టదు. ఆ నిద్రలో తరచూ ఒక కల వస్తుంది. ఎండలో మట్టిరోడ్డు పక్కన బిందెలు వరసగా పెట్టి ఉంటాయి. పచ్చవి, నీలివి, సొట్టలు పడిన స్టీలువి. ప్రతి బిందె మీదా మా ల్యాబ్ స్టిక్కర్, దాని మీద నంబరు. నేను ఐసు పెట్టె పట్టుకొని వాటి పక్కన నడుస్తూ పోతుంటాను. ఎంత నడిచినా వరస తెగదు. భయం వేయదు, అలసటా ఉండదు. దూరంగా నల్లమల కొండలు నీలంగా కదులుతున్నట్టు కనిపిస్తాయి. లేచాక కాసేపు మంచం మీదే కూర్చొని ఏ ఊళ్లో ఉన్నానో గుర్తు తెచ్చుకుంటాను.

ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. మార్కాపురంలో నా ఇల్లు వెతకడం కష్టం కాదు, ఎవరిని అడిగినా "నెత్తురు తీసే మేడమా" అని చూపిస్తారు. నెత్తురు తాగే మేడం అనలేదు, సంతోషం. మీ సర్వీసులో మరిచిపోలేనిది చెప్పండి అంటారు పిల్లలు. మలేరియా గురించో, కరోనా రోజుల గురించో చెబుతానని ఎదురుచూస్తారు. నేను బిందెల గురించి మొదలుపెడతాను. మేడానికి వయసు మీద పడిందని వాళ్లు మొహాలు చూసుకుంటారు. చూసుకోనీ. ఇవాళ వచ్చిన మీరు మాత్రం చివరిదాకా వినండి.

హెచ్‌పీవీ అనే వైరస్ పేరు మీరు పుస్తకంలో చదివే ఉంటారు. ఆడవాళ్లకు గర్భసంచి ముఖద్వారం దగ్గర వచ్చే క్యాన్సర్‌కు మూలం అదే. అయితే అది ఒక్కటి కాదు, ఒకే ఇంటిపేరున్న పెద్ద కుటుంబం. దానిలో వందకు పైగా రకాలున్నాయి, ఒక్కోదానికి ఒక్కో నంబరు. చాలావాటివల్ల ఏమీ కాదు. చుట్టపుచూపుగా వచ్చి కొన్నాళ్లుండి వాటంతట అవే పోతాయి. కొన్ని మాత్రం పోవు, ఏళ్ల తరబడి లోపల కూర్చొని పుండుగా మారతాయి. వాటిలో అందరికంటే పొగరుబోతు పదహారు. మా వైపు ఆడవాళ్లలో ఏ నంబరు ఎంత ఎక్కువగా ఉందో, ఏది అసలే లేదో తెలుసుకోవాలని ఒక మెడికల్ కాలేజీ వాళ్లు సర్వే మొదలుపెట్టారు. మా ఆసుపత్రి నుంచి నన్ను డెప్యుటేషన్ మీద వాళ్లకు అప్పగించారు. రిటైర్మెంటుకు దగ్గర పడిన మనిషిని ఊళ్లు తిప్పడమేమిటని మా ఇంట్లో సణిగారు. నాకైతే ఆ నాలుగు గోడల నుంచి బయటపడినందుకు లోలోపల సంతోషంగానే ఉండింది.

మా బండిలో ముగ్గురం. కాలేజీ నుంచి వచ్చిన డాక్టరమ్మ, నేను, డ్రైవరు. డాక్టరమ్మ వయసులో నా కూతురికంటే చిన్నది, మాట తక్కువ, చూపు ఎక్కువ. డ్రైవరు ఆమెకు పూర్తిగా విరుద్ధం, నోరు ఆగితే బండి ఆగిపోతుందేమో అన్నట్టు మాట్లాడేవాడు. గిద్దలూరు వైపు, రాచర్ల వైపు, వెలిగండ్ల వైపు తిరిగాం. పద్ధతి సులువే. ప్రతి ఆడమనిషికీ ఒక సన్నటి బ్రష్షు, ఒక చిన్న గొట్టం ఇస్తాం. గొట్టంలో నీళ్లలాంటి మందు ఉంటుంది. తెర చాటుకు వెళ్లి ఆమే తన నమూనా తీసుకొని, బ్రష్షును గొట్టంలో వేసి, మూత బిగించి మాకివ్వాలి. గొట్టం మీద ఆమె నంబరు అంటించి ఐసు పెట్టెలో పెడతాం. అంతే పని. చెప్పడానికే మాకు ఎక్కువ కష్టమయ్యేది. మొదటి ఊళ్లో నేను సిగ్గుపడుతూ వివరిస్తుంటే ఒక ముసలామె, "సరేలేమ్మా, బిడ్డల్ని కన్నోళ్లం, మాకు తెల్దా యాడ పెట్టుకోవల్నో" అన్నది. అప్పటి నుంచి నా సిగ్గు పోయింది.

తర్లుపాడు దాటి లోపలికి పోతే ఒక ఊరు వస్తుంది, పేరు చెప్పను. ఊరి చివర చర్చి వీధి. కూలి చేసుకొని బతికే క్రైస్తవ కుటుంబాలు. ప్రతి ఇంటి ముందూ అరుగుకు పలకరాయి పరిచి ఉంటుంది, గనుల దగ్గర పారేసిన ముక్కలు తెచ్చుకొని వేసుకున్నవి. అవి సాయంత్రం దాకా వేడి వదలవు. మేము పోయింది మిరప కోతల కాలం. తెల్లవారకముందే ఆటో వచ్చి ఆడవాళ్లందరినీ ఎక్కించుకొని పోతుంది, పొద్దుగూకితేగానీ రారు. మా ఎదుటే నమూనా ఇవ్వాలన్నది నిబంధన. పనికి పోతే ఎట్ల ఇస్తారు? కిట్లు ఈ సాయంత్రం ఇంటింటికీ ఇచ్చి పోండి, రేపు మధ్యాహ్నం వచ్చి తీసుకోండి, అప్పటికి నేను అన్నీ ఒకచోట పెట్టిస్తానని ఆ వీధి ఆశా కార్యకర్త బతిమాలింది. డాక్టరమ్మ చాలాసేపు ఆలోచించి సరేనన్నది. నేనైతే ఆలోచించను కూడా లేదు, కాళ్లు నొప్పులు, ఇంటికి పోతే చాలనిపించింది.

మరుసటి రోజు మధ్యాహ్నం వెళ్లేసరికి వీధి నిద్రపోతోంది. గాలి లేదు, కుక్కలు కూడా నీడలో పడి ఉన్నాయి. ఒక అరుగు మీద స్టీలు బేసిన్, దాని మీద తడి గుడ్డ. గుడ్డ తీస్తే మా గొట్టాలన్నీ ఉన్నాయి. మూతలు గట్టిగా బిగించి, స్టిక్కర్లు పైకి కనపడేట్టు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఎండకు చెడిపోతాయని ఎవరో తడి గుడ్డ కప్పారు. నాకు కళ్లు చెమ్మగిల్లినంత పనయింది. చదువుకున్నవాళ్లుండే వీధుల్లో కూడా మూతలు వదులుగా పెట్టి మందంతా ఒలకబోసిన మహాతల్లుల్ని చూశాను మరి. ఇంత శుభ్రంగా ఇచ్చిన ఊరు ఇంకొకటి లేదని దారిపొడుగునా డ్రైవరుతో చెబుతూనే ఉన్నాను. ఒక్క విషయం మాత్రం చూసి ఊరుకున్నాను. కొన్ని గొట్టాల్లో మందు లేత గులాబీ రంగుకు తిరిగి ఉంది. నెల వచ్చిన రోజులేమో అనుకున్నాను.

కొన్ని వారాల తర్వాత డాక్టరమ్మ నన్ను కాలేజీకి పిలిపించింది. కంప్యూటర్ ముందు కూర్చొని ఉంది, టీ చల్లారిపోయి ఉంది. చూడండి మేడం అని తెర నా వైపు తిప్పింది. ఆ వీధి గొట్టాలన్నిటిలోనూ పదహారు ఉంది. దానితో పాటు యాభై ఎనిమిది కూడా ఉంది. ఒకదానిలో కాదు, రెండిటిలో కాదు, ప్రతి దానిలోనూ అదే జంట. తతిమ్మా ఊళ్లలో చాలామందికి ఏమీ లేదు, ఉన్నవాళ్లకు తలా ఒక నంబరు. ఈ ఊరికి మాత్రం పసిపిల్ల తల్లి నుంచి పళ్లూడిన అవ్వ దాకా అందరికీ ఒకే రెండు నంబర్లు.

మొదట అనుమానం మా మీదికే వచ్చింది. ల్యాబులో ఒక గొట్టంలోది ఇంకోదాంట్లో కలిసిందేమోనని మిగిలిన మందుతో మళ్లీ పరీక్ష చేశాం. మళ్లీ అదే జంట. ఈలోగా సర్వే పెత్తనం చూసే, పై గదిలోని ఒక పెద్దాయనకు ఈ సంగతి తెలిసి, ఇది చాలా అరుదైన విషయం, ఈ ఊరి మీద ప్రత్యేకంగా పేపరు రాయొచ్చని ఉత్సాహపడ్డాడు. డాక్టరమ్మ ఆయన ముందు తల ఊపి, గదిలోంచి బయటికొచ్చాక నాతో మెల్లిగా అన్నది.

"ఇది ఊరు కాదు మేడం. ఇదంతా ఒక్క మనిషి."

నాకు అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. ఎవరో ఒకామె అందరి గొట్టాలూ తన నమూనాతోనే నింపింది. అప్పుడు నాకు గులాబీ రంగు గుర్తొచ్చి చెప్పాను. డాక్టరమ్మ మొహంలో రంగు మారింది. నెలసరి రక్తమైతే ఫరవాలేదు. కానీ పదహారు ఉన్న మనిషి, బ్రష్షు తగిలితేనే నెత్తురు వస్తోందంటే లోపల ఏదో మొదలయినట్టే. ఇప్పుడే చూస్తే బతికించుకోవచ్చు. ఆలస్యమైతే మన చేతుల్లో ఉండదు. ఆమె ఎవరో మాత్రం మనకు తెలియదు. గొట్టాల్లోని నమూనా ఎవరిదో పట్టుకునే పరీక్షలు లేకపోలేదు, కానీ దానికి ఆ ఆడవాళ్ల అనుమతి తీసుకోలేదు, తీసుకోకుండా చేయకూడదు. ఆ వీధి గొట్టాల్ని పక్కన పడేసి లెక్క చూసుకుంటే సర్వేకి వచ్చిన నష్టమేమీ లేదు. నిజానికి అదే సులువైన దారి. డాక్టరమ్మ ఆ మాట నోట రానివ్వలేదు. ఆ రోజు నుంచి ఆ పిల్ల అంటే నాకు అభిమానం.

మళ్లీ ఆ ఊరు వెళ్లాం. ఆశా కార్యకర్తను అడిగితే పాపం మొహం వెలవెలబోయింది. ఆమె కిట్లు పంచి, తన అత్తకు బాగాలేక కంభం పోయిందట. గొట్టాలు ఎవరు ఎట్ల నింపారో ఆమెకు తెలియదు. పని నుంచి దిగిన ఆడవాళ్లను ఒక్కొక్కర్నీ అడిగాం. అందరూ ఒకటే మాట, మాది మేమే ఇచ్చినాం మేడం. పాఠం అప్పజెప్పినట్టు ఒకే మాట. అయితే ఇంకోసారి ఇవ్వండమ్మా అంటే, ఒకసారి ఇచ్చినాం గదా మళ్లా ఏంది అని లోపలికి పోయారు. నాకు ఒళ్లు మండింది. వీళ్ల మంచికే కదా మేము ఎండనపడి తిరిగేదని దారిలో చాలా తిట్టాను. డాక్టరమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ, "భయం మేడం. తప్పు చేశామని తెలిసినవాళ్లు మాట్లాడరు, కోప్పడతారు" అన్నది. నన్ను కలిపే అన్నదేమో ఇప్పటికీ తెలియదు.

ఇంకోసారి అడిగి చూద్దామని ఆ తర్వాతి వారం నేనూ డ్రైవరూ మాత్రమే పోయాం. వీధిలో తలుపులన్నీ గడియలు పెట్టి ఉన్నాయి.

"ఈ ఊళ్లో బిందెలు తప్ప మనుషులు లేరు మేడం" అన్నాడు డ్రైవరు.

నిజమే. రోడ్డు పక్కన బిందెలు వరసగా పెట్టి ఉన్నాయి, ఇప్పుడు నాకు కలలో వచ్చేవి అవే. బండి వేపచెట్టు నీడలో ఆపుకొని కూర్చున్నాం. ఎండలో బిందెల మీద గాలి వణుకుతోంది. నాకు కునుకు పట్టింది. కునుకులో ఎక్కడో హారన్ వినపడింది, కళ్లు తెరిస్తే నీళ్ల ట్యాంకర్ వచ్చి ఆగి ఉంది. ఎవరూ లేరనుకున్న వీధిలోంచి ఒక పిల్ల, కొత్తగా పెళ్లయిన అమ్మాయి, పరుగెత్తుకొచ్చింది. పైపు పట్టుకొని మొదటి బిందె నింపింది, రెండోది నింపింది, అట్లా వరసంతా ఒక్కతే నింపింది. తర్వాత ఒక్కొక్కటి చంకనెత్తుకొని ఒక్కో ఇంటి అరుగు మీద పెట్టి మూత పెడుతోంది. ఎవరిది ఏ బిందో వెతుక్కోలేదు. మెడకు గుడ్డపీలిక కట్టిన బిందె ఒకరిది, గోళ్ల రంగు చుక్క పెట్టింది ఇంకొకరిది, సొట్టది మరొకరిది.

దిగి ఆ పిల్లను అడిగాను, ఇన్ని బిందెలు నువ్వొక్కదానివే పడుతున్నావేమ్మా అని.

"అందరం కూలికి పోతే నీళ్లెవురు పడతారు మేడం? రోజుకొకరం ఉండిపోతాం. ఈ పొద్దు వంతు నాది" అన్నది.

నీళ్లేనా ఇంకేమైనా ఉందా అని అడిగాను. గ్యాస్ బండ వచ్చినా, ఎవరి బిడ్డకు జ్వరమొచ్చినా, రేషన్ బండి వచ్చినా, వంతు ఉన్నామె చూడాల్సిందేనట. "ఆ పొద్దుకు ఈదంతా ఆమెదే" అని నవ్వుతూ ఇంకో బిందె ఎత్తుకుంది. నేను వేపచెట్టు కింద అట్లాగే నిలబడిపోయాను. స్టీలు బేసిన్, తడి గుడ్డ, వరసగా నిలబెట్టిన గొట్టాలు అన్నీ కళ్ల ముందుకొచ్చాయి. మేము కిట్లు ఇంటింటికీ ఇచ్చాం. వాళ్లు తెల్లవారకముందే ఆటో ఎక్కుతూ, బిందెలు పెట్టినట్టే వాటినీ అరుగు మీద పెట్టి పోయారు. ఆ రోజు వంతు ఉన్నామె నీళ్లు పట్టినట్టే అవీ పట్టింది.

డాక్టరమ్మకు ఫోన్ చేస్తే చాలాసేపు నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, ఆదివారం పోదామన్నది.

ఆదివారం ఆరాధన అయ్యేదాకా చర్చి బయట కూర్చున్నాం. లోపల పాట సాగుతోంది, పిల్లలు మధ్యలో బయటికి పరుగెత్తి మా బండిని తాకి పోతున్నారు. ఆరాధన ముగిసి ఆడవాళ్లు తెల్లచీరల్లో బయటికి రావడం, ట్యాంకర్ రావడం ఒకేసారి అయింది. అందరూ ఉన్నారు కాబట్టి ఆ రోజు వంతులేదు. అయినా ఒక పెద్దామె పైటచెంగు బొడ్లో దోపి పైపు తీసుకుంది. యాభై దాటిన మనిషి, చేతులు సన్నగా బలంగా ఉన్నాయి. అందరూ ఆమెను అక్కా అని పిలుస్తున్నారు.

డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. మిరప కోతల రోజుల్లో మేము ఇచ్చిన గొట్టాలన్నీ ఒకే ఆమె నింపిందని మాకు తెలుసు. అది తప్పని అనడం లేదు, కేసు లేదు, పింఛన్లు ఆగవు, ఎవరి పేరూ ఎక్కడా రాయం. కానీ ఆమెకు లోపల చెడ్డ రకం వైరస్ ఉంది, నెత్తురు కూడా కనపడింది. ఇప్పుడైతే చిన్న పనితో పోతుంది. ఇంకొన్నాళ్లు ఊరుకుంటే మేమెవరం ఏమీ చేయలేం. ఆ పొద్దు వంతు ఎవరిదో చెప్పండి, అంతే చాలు.

బిందెలో నీళ్లు పడే చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. బిందె నిండేకొద్దీ ఆ చప్పుడు సన్నబడింది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు కదా, ఎవరు మాత్రం ముందుకొస్తారు? ఇక ఇంటికి పోదామని నేను బండి వైపు చూశాను.

అప్పుడు చంకలో బిడ్డనెత్తుకున్న ఒకామె ముందుకొచ్చి, "నాదే మేడం ఆ పొద్దు వంతు" అన్నది.

ఆమె పక్కనున్నామె ఆమె భుజం పట్టి వెనక్కి లాగి, "నీదేంది, నువ్వు పనికొచ్చినావు గదా, నాదే" అన్నది. వెనకనుంచి ఇంకొకామె నాదే అన్నది. ఆ తర్వాత ఇక లెక్కలేదు, నాదంటే నాదని వీధంతా ఒకటే గోల. చివరికి పళ్లూడిన అవ్వ కూడా కర్ర ఊపుతూ నాదే అంటే అందరూ పగలబడి నవ్వారు, ఆమె బిందె ముట్టి ఎన్నేళ్లయిందో వాళ్లకు తెలుసు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఒక మనిషి ప్రాణం పోతుంటే పరాచికాలా అని నోటిదాకా వచ్చింది.

డాక్టరమ్మ నా చెయ్యి పట్టి ఆపింది. నవ్వుతూ వాళ్లతో, "సరే, వంతు ఉన్నవాళ్లంతా రండి. ఎవరిదో గొట్టమే చెబుతుంది" అన్నది.

వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తాము వేసిన ముడిలో తామే చిక్కుకున్నామని అప్పుడు తెలిసింది వాళ్లకు. నాదే అన్నాక రానని ఎట్ల అంటారు? బిడ్డను చంకలోంచి ఇంకొకరికిచ్చి మొదటామె లోపలికి నడిచింది. చర్చి పక్క గదిలో చీర తెర కట్టాం. ఈసారి మా ఎదుటే, ఒక్కొక్కరే. నేను గుమ్మం దగ్గర నిలబడి గొట్టాలు అందుకుంటున్నాను. కానీ నా కళ్లు బయటే ఉన్నాయి. అంత గోలలో నాదే అనని మనిషి ఒక్కతే ఉందని నాకు అప్పటికి తట్టింది. డాక్టరమ్మకు నాకంటే ముందే తట్టి ఉంటుంది, ఆమె కూడా అటే చూస్తోంది. పైపు పట్టుకున్నామె మా వైపు వీపు తిప్పి, నిండిన బిందె మీద నుంచి నీళ్లు పొర్లిపోతున్నా పైపు పక్క బిందెలోకి మార్చకుండా అట్లాగే నిలబడి ఉంది.

అందరూ అయ్యాక ఆమె వచ్చింది. చేతులు తడిగా ఉన్నాయి, చెంగుతో తుడుచుకుంది. తెర వెనకనుంచి వచ్చి నా చేతికి గొట్టం ఇచ్చి, నా మొహం చూడకుండా పోయింది. గొట్టం వెలుతురుకు పెట్టి చూశాను. లేత గులాబీ రంగు. ఏడుపొచ్చింది, కానీ పనిలో ఏడవకూడదని పాత అలవాటు, మింగేశాను.

ఫలితాలు వచ్చాయి. ఆ వీధిలో చాలామందికి ఏమీ లేదు. ఒకరిద్దరికి వేరే నంబర్లున్నాయి, వాటిని ఆ తర్వాత కూడా చూస్తూ ఉండాలని రాసుకున్నాం. పదహారు, యాభై ఎనిమిది కలిసి ఉన్నది ఆ ఒక్కామెకే.

ఆమెను పెద్దాసుపత్రికి మా బండిలోనే తీసుకెళ్లాం. డాక్టరమ్మ ముందు సీట్లో, నేనూ ఆమె వెనక. మార్కాపురం దాటాక పలకల గుట్టలు నల్లగా తళతళమంటూ వెనక్కి పోతున్నాయి. డ్రైవరు గోతులు తప్పిస్తూ మెల్లిగా నడుపుతున్నాడు. ఆమె కిటికీ పక్కన కూర్చొని గాలికి కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను. కళ్లు మూసుకునే మాట్లాడింది.

ఎప్పుడో ముట్లుడిగిన మనిషికి పోయిన క్రిస్మస్ నుంచి నెత్తురు కనపడుతోందట. కూతుర్ని రాచర్ల వైపు ఇచ్చారు, చెబితే భయపడి ఉన్నపళాన వచ్చేస్తుంది, అక్కడ అత్తతో మాట పడాలి. వీధిలో చెబితే నలుగురి నోళ్లలో పడుతుంది. ప్రార్థనలో పెట్టింది, ఎవరికీ చెప్పుకోలేదు. అప్పుడు మా కిట్లు వచ్చాయి. ఆ రోజు వంతు ఆమెదే. ఆడవాళ్లు ఆటో ఎక్కుతూ, మావి కూడా నువ్వే ఇచ్చేయక్కా, ఎవురిదైతే ఏంది అని నవ్వుతూ పోయారు.

అందరివీ నువ్వు నింపితే వాళ్ల సంగతి మాకెట్ల తెలుస్తుందక్కా, వద్దని చెప్పాల్సింది కదా అన్నాను. గదమాయించాలని అనలేదు, ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను.

ఆమె కళ్లు తెరిచింది. "చెప్పొచ్చు చెల్లే. కానీ పింఛనుకు ఒక అర్జీ పెడితే ఏ బల్ల కిందనో పడిపాయె. నాలుగు చోట్ల పెడితేగదా వచ్చింది. ఒక్క గొట్టం ఇస్తే యాడనో పోతాదని భయపడినా. అన్నీ నావే అయితే ఏదో ఒకటి మీ కంట పడకపోతాదా అనుకున్నా."

సర్వీసంతా గొట్టాలు అందుకున్నాను. ఒక మనిషి నన్ను చూడండి అని ఇన్ని నోళ్లతో పిలిచిన పిలుపు అదొక్కటే. ముందు సీట్లోని డాక్టరమ్మ వెనక్కి తిరగలేదు గానీ, కళ్లజోడు తీసి తుడుచుకుంది.

మరి ఆదివారం ఎందుకు మాట్లాడలేదని అడిగాను.

"అందరి పేర్ల మీదా నా జబ్బు రాయిస్తి. ఏ మొగం పెట్టుకొని చెప్పేది? అయినా చెబుదామని నోరు తెరిస్తి. ఆ లోపల ఆ పిల్ల, చంకలో బిడ్డనేసుకోని, నాదే అనె" అన్నది. ఆ తర్వాత ఆసుపత్రి వచ్చేదాకా ఏడుస్తూనే ఉంది. నేను ఆమె చెయ్యి పట్టుకొని కూర్చున్నాను.

జబ్బు ఇంకా ముదరలేదు. ఆపరేషన్ చేశారు. కొన్నాళ్లు వార్డులో ఉంచారు. నేను చూడబోయినప్పుడల్లా మంచం పక్కన వేరే మనిషి ఉండేది. ఒకసారి చంకలో బిడ్డనెత్తుకొచ్చినామె, ఒకసారి నీళ్ల దగ్గర నాతో మాట్లాడిన కొత్త పెళ్లికూతురు. కూతురు కూడా వచ్చి ఉండింది, ఆమెనూ ఒక రోజు ఇంటికి పంపి పడుకోమన్నారు. వార్డు ఆయాకు చిర్రెత్తుకొచ్చింది. రోజుకొక మొహం, ఎవరు మీరంతా, పేషెంటుకు ఏమవుతారని నా ఎదుటే నిలదీసింది. కొత్త పెళ్లికూతురు గిన్నెలో గంజి కలుపుతూ తల ఎత్తకుండా జవాబిచ్చింది.

"మేమంతా ఒక ట్యాంకర్ వాళ్లం."

అట్లాంటి చుట్టరికం ఆయా ఎన్నడూ వినలేదు. నేనూ వినలేదు.

సర్వే ముగిసింది. ఏ నంబరు ఎంతమందికి ఉందో చెప్పే పట్టికలు తయారయ్యాయి. ఆ ఊరి వరసలో, పదహారు కింద, ఒకటి అని ఉంది. పై గదిలోని పెద్దాయనకు పేపరు పోయిందని కాస్త విచారం. పట్టిక చూసేవాళ్లకు అది ఒకటే. నాకు ఆ ఒకటి మీద కళ్లు ఆగిపోతాయి. పిల్లలూ, మీరు కూడా రేపు ఏదో ల్యాబులో కూర్చొని గొట్టాల్ని నంబర్లుగా మార్చే పనే చేస్తారు. చేయండి, అది మన కూడు. నంబరు వేసే ముందు గొట్టాన్ని ఒకసారి వెలుతురుకు పెట్టి చూడమని తప్ప ఇంకేమీ చెప్పలేను.

మొన్న మధ్యాహ్నం అదే కలలో ఉండగా ఫోన్ మోగింది. బిందెల వరస ఇంకా కళ్ల ముందే ఉంది, అవతల మాట్లాడేది కలలోని మనిషో నిజం మనిషో తెలియలేదు. ఆమే. గొంతు గట్టిగా ఉంది, వెనక ట్యాంకర్ హారన్ వినిపిస్తోంది. బరువు మోయొద్దన్నందుకు ఇప్పుడు బిందెలు మోయడం లేదట, పైపు మాత్రం ఎవరికీ ఇవ్వడం లేదట. ఆడపిల్లలకు ఆ వైరస్ రాకుండా టీకా వేస్తారంట గదా, యాడ వేస్తారు, ఏ పొద్దు వేస్తారని అడిగింది. ఎవరికక్కా, నీ మనవరాలికా అన్నాను.

"నా మనవరాలికే గాదు, ఈదిలో ఆడపిల్లలందరికీ. వాళ్ల అమ్మలు కూలికి పోతారు, ఆటోలో అందర్నీ నేనే తోలుకోనొస్తా" అన్నది. మధ్యలో ఎవరినో బిందె జరపమని కేకేసింది. మళ్లీ ఫోన్ దగ్గరికొచ్చింది.

"ఆ పొద్దు వంతు నాదే చెల్లే" అన్నది.